తేదీలకూ పరీక్ష పెట్టాలి



హాస్టల్లో చేరిన రోజు నుంచి ఉద్యోగంలో చేరే రోజు దాకా మన వెంట వచ్చేది పుట్టిన తేదీ. పదో తరగతి మెమోలో ఒక తేదీ, కంప్యూటర్‌లో మరో తేదీ ఉంటే స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో తేదీలు ఎక్కడ చెడతాయో, ముందే ఎలా పట్టుకోవాలో ఆ చదువు వైపు వెళ్లే వారి కోసం చెబుతాను.

మొదటిది, రోజూ నెలా తారుమారు కావడం. మనం రోజు ముందు రాస్తాం. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. వాళ్ల పద్ధతిలో ఉన్న ప్రోగ్రాముకు 25/06/2008 ఇస్తే 25వ నెల లేదు కాబట్టి తప్పు బయటపడుతుంది. 05/06/2008 ఇస్తే మాత్రం కిక్కురుమనకుండా మే 6గా రాసుకుంటుంది. అందుకే 12 దాటని రోజులతో తప్పక పరీక్షించండి. 05/05 మాత్రం పనికిరాదు, ఎటు చదివినా ఒకటే.

రెండోది గడియారం. మన సమయం అంతర్జాతీయ ప్రామాణిక సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. జూన్ 5 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలను ఆ సమయంలోకి మారిస్తే జూన్ 4 సాయంత్రం 6.30 అవుతుంది. అందులోంచి తేదీ ఒక్కటే తీసుకుంటే ఒక రోజు తగ్గిపోతుంది. పుట్టిన తేదీని సమయం కలపకుండా తేదీగానే దాచాలి. దరఖాస్తు గడువుల దగ్గర రాత్రి 11.59కీ, 12.00కీ విడివిడిగా పరీక్షించాలి.

మూడోది లీపు సంవత్సరం. 4తో భాగిస్తే చాలదు. 100తో భాగించబడే సంవత్సరం 400తోనూ భాగించబడాలి. 2000 లీపు సంవత్సరమే, 1900 కాదు. అయినా ఎక్సెల్ 1900లో ఫిబ్రవరి 29 ఉన్నట్టే లెక్కిస్తుంది. అంతకు ముందున్న లోటస్ 1-2-3 ఫైళ్లతో లెక్క కుదరాలని ఆ తప్పును అలాగే తీసుకున్నారు.

పరీక్షించేటప్పుడు రావలసిన జవాబును ముందు కాగితం మీద రాసుకోండి, తర్వాతే ప్రోగ్రాం నడపండి. "నేటి తేదీ"ని కంప్యూటర్ గడియారం నుంచి కాక మనమే ఇచ్చే వీలుంచండి. అప్పుడు ఫిబ్రవరి 29 కోసం నాలుగేళ్లు ఆగక్కర్లేదు.

లక్ష పేర్లలో ఒకటి తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. ఆ ఒక్కటీ మనలాంటి విద్యార్థి స్కాలర్‌షిప్ కావచ్చు.