గవర్నరుపేట భోజనప్రియుడు

విజయవాడలో గవర్నరుపేట కాపురములకంటె వ్యాపారమునకే పేరుపడిన పేట. ఏలూరు రోడ్డును, అనీబిసెంటు పేరు మోయుచున్న బీసెంటు రోడ్డును, వానిని ఆనుకొనియున్న సందులును బట్టల అంగళ్లతోను, మందుల దుకాణములతోను, వైద్యశాలలతోను, సినిమాశాలలతోను నిండియుండుటచేత, వీనియందు పనికో చదువునకో కృష్ణా మండలపు పల్లెలనుండి వచ్చి, మేడమీది చిన్న గదులు అద్దెకు తీసికొని కాలము గడపు యువకులు ఇచ్చట కొల్లలుగా కనబడుదురు. ఇట్టివారు పల్లె నుండి ఒక సంచి బట్టలు, ఒక జాడీ ఆవకాయ తెచ్చుకొందురు. వానితోపాటు తల్లి చేతివంటకు అలవడిన నాలుక యొకటి తెచ్చుకొందురు. ఆ నాలుకకు తగిన భోజనమును పరస్థలమున సంపాదించుకొనుట వారికి దినదినము చేయవలసిన సాధన.

ఇట్టి యువకు నొకని నేనెరుగుదును. ఉయ్యూరు దాటిన తరువాత బందరు కాలువ ప్రక్కనున్న యొక పల్లె అతనిది, పని గవర్నరుపేటలో, అభిరుచి యంతయు భోజనమునందు. అతని దినచర్యను గమనించిన కొలదియు నాకు దృఢపడిన విషయ మొకటి కలదు. అతని పళ్లెములోనికి తెల్లవారినది మొదలు అర్ధరాత్రి వరకు వచ్చు పదార్థములలో పెక్కు, చూచుటకు వేర్వేరుగా నున్నను, ఒకే మాగాణి మడిలో ఒకే సంవత్సరమున పుట్టినవి. ఆ మడి కథ తెలియనివానికి గవర్నరుపేట రుచి సగమే తెలిసినట్లు.

ప్రాతఃకాలపు ఇడ్డెననే తీసికొందము. గవర్నరుపేటకు దాపుననే యున్న గాంధీనగరమున 1942లో బండ్ల సుబ్రహ్మణ్యంగారు నెలకొల్పిన శ్రీరామవిలాసును, ఆయనను అందరును ‘బాబాయి’ అని పిలుచుటచేత ‘బాబాయి హోటలు’గా మారిన ఆ చిన్న ఫలహారశాలను, ఎరుగని బెజవాడవాడు లేడు. వేడి ఇడ్డెనపై వెన్నముద్ద వేసి, కారపుపొడియు అల్లపు పచ్చడియు ప్రక్కన చేర్చి యిచ్చు పద్ధతి అచ్చట ప్రసిద్ధి. మన యువకుడు పనికి పోవుటకు ముందు అచ్చటికి నడిచిపోయి, వెన్న పూర్తిగా కరగకమునుపే మొదటి ముక్క త్రుంచును. కరగనిచ్చినచో వెన్న నేయిగా మారి ఇడ్డెనలో ఇంకిపోవునని, కరగీ కరగని స్థితియందే చల్లని వెన్నకును వేడి ఇడ్డెనకును గల భేదము నాలుకకు తెలియునని అతని వాదము. నేనును దానికి సమ్మతింతును.

ఈ ఇడ్డెనలో నున్నవి మూడే వస్తువులు: బియ్యపు రవ్వ, మినపపప్పు, ఉప్పు. ఒక పాలు మినపపప్పును నానబెట్టి, కాటుకవలె మెత్తగా రుబ్బి, రెండుపాళ్ల రవ్వను కడిగి నీరు పిండివేసి అందులో కలిపి రాత్రియంతయు ఉంచినచో, పప్పును ఆశ్రయించియున్న సూక్ష్మజీవులు పిండిలో పెరిగి, పులుపును వాయువును పుట్టించును. మినుమునకు సహజమైన జిగురు ఆ వాయువును బయటికి పోనీయక బుడగలుగా బంధించును. ఆవిరి తగిలినప్పుడు ఆ బుడగలు వ్యాకోచించి ఇడ్డెన పొంగును. ధనుర్మాసపు చలిలో పిండి పొంగుట ఆలస్యమగుటయు, రోహిణీకార్తెలో తెల్లవారకమునుపే పులిసిపోవుటయు ఇందువలననే.

ఇక ఈ బియ్యము, ఈ మినుములు వచ్చునది యెచ్చటినుండి? ఆర్థర్ కాటన్ ఆలోచన ననుసరించి కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్టయు, అది 1952లో తెగిన తరువాత 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజియు పంచిపెట్టిన నీరు బందరు, ఏలూరు, రైవసు కాలువలగుండ నగరమును చీల్చుకొనిపోయి డెల్టా మాగాణిని తడుపుచున్నది. ఆ నీటితో సార్వా వరి పండును. ఆ వరి కోతకు నాలుగైదు దినములు ముందుగా, చేలో ఇంకను పదును ఉండగనే, నిలిచియున్న పైరు నడుమ మినుములు వెదజల్లుట ఈ డెల్టా రైతుల సంప్రదాయము. దుక్కి లేదు, నీటితడి లేదు. వరి కోసిన పిమ్మట మొలకకు ఎండ తగులును, నేల యందు దాగియున్న తేమయు హేమంతపు మంచును దానిని పోషించును. పెసలును ఇట్లే చల్లుదురు. కొందరు పిల్లిపెసరయు జనుమును చల్లి పశువులకు పచ్చిమేత చేయుదురు. ఆ మేతయు, ఆ వరిగడ్డియు తిన్న గేదె పాలే వెన్నగా మారి ఇడ్డెనపైకి ఎక్కును. రవ్వ, పప్పు, వెన్న: మూడును ఒకే మడి బిడ్డలు. పెసరట్టును ఆ కుటుంబములోనిదే. దానికి పొట్టుతీయని పెసలు చాలును, పులియబెట్టవలసిన పని లేదు, అల్లము పచ్చిమిర్చి చేర్చి రుబ్బినది రుబ్బినట్లే పెనముమీద పరచి, నడుమ ఉప్మా పెట్టి మడచి యిత్తురు.

మధ్యాహ్న భోజనమునకు అతడు పోవునది పేరుమోసిన చోటు కాదు. సందులో నొక మెస్సు. అరటియాకు పరచి, మొదట కందిపొడియు నేయియు, తరువాత పప్పు, కూర, రోటిపచ్చడి, పులుసు, చారు, కడపట గడ్డపెరుగు వడ్డింతురు. ఈ క్రమము నిర్హేతుకము కాదు. కారమును నేతితో ఆరంభించి, పప్పుతో నెమ్మదించి, పులుపుతో నాలుకను కడిగి, పెరుగుతో చల్లార్చుట ఇందులోని మర్మము. అన్నము చాలవరకు సాంబ మసూరి, అనగా బాపట్ల పరిశోధనా కేంద్రమువారు రూపొందించి 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204 రకము. సన్నగింజ, మృదువైన మెతుకు. కొత్తబియ్యమైనచో ముద్దయగును, ఒక సంవత్సరము నిలువచేసినచో ఎక్కువ నీరు త్రాగి పొడిపొడిగా వికసించును. మెస్సు యజమానుని అతడు మొదట అడుగు ప్రశ్న “పాతబియ్యమేనా అండీ?” అనునదే.

చారు మాట వచ్చినది గనుక, ఉలవచారు సంగతి కొంచెము విపులముగా చెప్పక తీరదు. ఉలవలు మాగాణి పంట కావు. వర్షాధారపు ఎర్రనేలలయందు, మెట్టలయందు పండును. అయినను ఉలవచారు డెల్టా ప్రాంతపు వంటగా ప్రసిద్ధికెక్కుటకు కారణము మాగాణి దున్నిన ఎడ్లు. బురదలో దినమంతయు కాడి మోయు ఎడ్లకు బలమునిచ్చుటకై రైతులు ఉలవలను పెద్ద కాగులలో ఉడుకబెట్టి, ఉడికిన గింజను పశువులకు పెట్టి, చిక్కని ఆ కట్టును తమకు ఉంచుకొనిరి. ఎద్దునకు గింజ, మనిషికి రసము: ఇంతటి న్యాయమైన పంపకము మన వంటలలో మరియొకటి నాకు కనబడలేదు. ఆ కట్టులో చింతపండుపులుసు, ఉప్పు, కారము చేర్చి, సన్నని సెగమీద గంటల తరబడి మరిగించి, గరిటె నుండి ధార తెగకుండ జారునంత చిక్కబడిన తరువాత, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లిపాయలతో పోపు పెట్టుదురు. త్వరపడువానికి ఇది లొంగదు. సెగ పెంచినచో అడుగంటును. పిండి కలిపి చిక్కబరచినచో నాలుక వెంటనే పసిగట్టును. వేడి అన్నములో దీనిని కలిపి, పైన పచ్చి మీగడ వేసికొన్నచో, ఉలవ వగరును చింతపండు పులుపును మీగడ కమ్మదనమునకు లోబడి యొకటగును. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయినవి. అయినను చారు పోలేదు. నేడు హోటళ్లలో బిరియానీ ప్రక్కన చిన్న గిన్నెతో వడ్డించుచున్నారు. నాకు మాత్రము దాని స్థానము తెల్లని అన్నమే యని తోచును.

సాయంకాలము పని ముగిసిన పిదప అతడు స్వయముగా వండుకొనును. గదిలో నున్నది ఒక విద్యుత్ పొయ్యి, ఒక కుక్కరు, ఒక మూకుడు, ఒక చిన్న రోలు. కూరగాయలకై వారమున కొకసారి కాళేశ్వరరావు మార్కెట్టుకు పోవును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ మొదటి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేరిట వెలసిన ఆ విపణి యందు దోసకాయను కొనునప్పుడు చిన్న ముక్క కోయించి రుచిచూడక కొనడు; ఒక్క చేదుకాయ పప్పునంతయు చెరచును. గుండ్రని పసుపుపచ్చని ఆ దోసకాయ ముక్కలను, కందిపప్పును విడివిడిగా ఉడికించి, పిదప కలిపి, ఇంగువ తాలింపు పెట్టుట అతని తల్లి నేర్పిన విధానము. కలిపి ఉడికించినచో కాయలోని పులుపు పప్పును మెత్తబడనీయదని ఆమె హెచ్చరించునట. చింతకాయ పప్పులోను ఇదే ఇబ్బంది కలదని వంట తెలిసినవారందరును అంగీకరింతురు. శీతకాలమున ఎర్రకాడల గోంగూరను నూనెలో మగ్గించి ఎండుమిర్చితో నూరి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చేర్చును. ఇంతకుమించి వారపు దినములలో చేయడు; కాని చేసిన దానిని నిర్లక్ష్యముగా చేయడు. తాను వండుట నేర్చిన తరువాతనే హోటలు వంటలోని మెళకువలు తనకు తెలిసినవని అతడు చెప్పగా విని నేను సంతోషించితిని. తాలింపు మాడినదో, పాత నూనె వాడిరో, చింతపండునకు బదులు మరి యేదో కలిపిరో, పొయ్యి ముట్టించి చూచినవాని నాలుకయే చెప్పగలదు.

శనివారపు రాత్రులు స్నేహితులవి. విజయవాడకు సినిమాతోగల బంధము పురాతనము. 1921లోనే ఇచ్చట మారుతీ సినిమాశాల వెలసినది, తరువాత గాంధీనగరము తెలుగు చిత్రముల పంపిణీకి కేంద్రమైనది. అందుచేత ఇచ్చటి రాత్రి తిండి ఆటల వేళలను అనుసరించును. మొదటి ఆటకు ముందు పునుగులు. పులిసిన అట్లపిండిని చేతితో నూనెలోనికి జారవిడిచి, పైన కరకర, లోపల మెత్తదనము వచ్చునట్లు వేయించి, పల్లీ పచ్చడితో ఇత్తురు. వాము కూరిన మిరపకాయ బజ్జీలు, వానినే చిదిపి మరమరాలతోను ఉల్లిపాయలతోను నిమ్మరసముతోను కలిపిన ముంత మసాలా, దాహమునకు గోలీ సోడా. రెండవ ఆట విడిచిన పిమ్మట ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణము చెంత రాత్రివేళ తెరచియుండు తిండి బండ్లవద్దకో, బిరియానీ హోటలునకో పోవుదురు.

బెజవాడ బిరియానీని హైదరాబాదు దమ్ బిరియానీతో పోల్చి చిన్నచూపు చూచుట పొరపాటు. ఇది వేరు జాతి. హైదరాబాదులో పచ్చిమాంసమును మసాలాలలో నానబెట్టి, సగముడికిన బియ్యముతో పొరలుగా పేర్చి, మూత బిగించి ఆవిరిమీద మగ్గింతురు. బెజవాడవారి ‘ఫ్రైపీస్’ బిరియానీలో మసాలా అన్నము వేరుగా సిద్ధమగును. కోడిముక్కలు కరివేపాకు, పచ్చిమిర్చితో వేరుగా వేగును. వడ్డించునప్పుడే రెండును కలియును. అన్నము ముక్క రుచిని పీల్చుకొనకపోవుట దీనిలోని లోపము. ముక్క తన కరకరను, కారమును కోల్పోకపోవుట దీనిలోని సుగుణము. వేపుడునే ప్రాణముగా నెంచు కోస్తా నాలుకకు ఇది సహజమైన ఏర్పాటు. స్నేహితులలో కైకలూరువాడొకడు కొల్లేటి కొర్రమీను పులుసును తలచుకొని ఈ బిరియానీని తృణీకరించును. బందరువాడు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన తమ తొక్కుడు లడ్డును, సెనగపిండి పూసను దంచి జల్లించి బెల్లపుపాకముతో మరల దంచి చేయు ఆ మిఠాయిని, తెచ్చి పంచి వివాదమును సమాధానపరచును.

మొన్న మాఘమాసమున మన యువకుడు తన పల్లెకు పోవుచు నన్నును వెంటబెట్టుకొనిపోయెను. బందరు రోడ్డు పొడవునను మినుముచేలు చూతమని ఆశించిన నాకు అనేకచోట్ల మొక్కజొన్న కనబడినది. కొన్నియెడల చేపల చెరువులు. వరికోత యంత్రముతో జరుగుచుండుటచేత, పైరులో ముందుగా చల్లిన మినుము మొలకలు చక్రముల క్రింద నలిగిపోవుచున్నవి. కాలువనీరు ఆలస్యమైనచో వరి ఆలస్యమగును, వరి ఆలస్యమైనచో మినుము అదను తప్పును. పల్లాకు తెగులును, మొక్కల రసము పీల్చి అల్లుకొను బంగారుతీగయు మిగిలినదానిని హరించును. ఇన్ని కష్టములు పడిన రైతు, దున్నకుండనే గింజ నాటి నీరు పెట్టుకొనగల మొక్కజొన్నవైపు మొగ్గుటలో ఆశ్చర్యము లేదు. మన దేశము బర్మానుండి మినుములు దిగుమతి చేసికొనుచున్నది. గవర్నరుపేట ఇడ్డెనలో రేపు ఆ గింజయే యుండవచ్చును. రైతును నిందింప నాకు నోరు రాదు. కాని దుక్కి లేకయు, నీరు లేకయు, నేలకు బలము చేకూర్చుచు పండిన పంట మన కన్నులయెదుట తగ్గిపోవుట ఎంతటి నష్టమో నగరవాసులు గుర్తింపవలె ననుట మాత్రము మానజాలను.

ఆ పల్లెలో యువకుని తండ్రి గట్టుమీద నిలిచి, “కోత మిషను వచ్చాక మొలక బతకడం లేదురా, అబ్బాయ్. అందుకే పడమటి చెక్క మాత్రం మనుషుల్ని పెట్టి కొడవళ్లతో కోయించాను,” అని చెప్పెను. ఆ చెక్కలో మినుము పూతమీద నున్నది. “కూలి ఎక్కువ కాదా, నాన్నా?” అని కుమారు డడుగగా, ఆయన, “ఎక్కువే. ఇంట్లోకి గింజ కావాలిగా. ఈసారి నీకూ ఒక సంచి పంపుతాను, పొట్టుతోనే నానబెట్టుకో,” అనెను.