గేమింగ్ కేంద్రం - స్థల ప్రణాళిక

ఆట మానవునికి సహజమైన ప్రవృత్తి. ఆటకు తోడు కావాలి. ఆడడానికి చోటు కావాలి. పూర్వం పల్లెలలో ఆ చోటును ప్రత్యేకంగా ఎవరూ కొలిచి కట్టలేదు. రచ్చబండ మీదనో, ఇంటి అరుగు మీదనో నాలుగు గీతలు గీస్తే పులిజూదానికో, అష్టాచెమ్మాకో రంగం సిద్ధమయ్యేది. పాత దేవాలయ మండపాల రాతిపలకలపై చెక్కిన పులిజూదం గీతలు నేటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. ఆ మండపంలో గాలికి కొదువ లేదు. ఆట మధ్యలో లేచి వెళ్లేవారికి అడ్డు లేదు.

కాలక్రమంలో కొన్ని ఆటలు నాలుగు గోడల మధ్యకు చేరాయి. నాణెం వేసి ఆడే వీడియోగేమ్ యంత్రాల తరువాత ఇంటర్నెట్ కేంద్రాలు వచ్చాయి. వాటి వెంట శక్తిమంతమైన కంప్యూటర్లతో గేమింగ్ కేంద్రాలు వెలిశాయి. ఖరీదైన పరికరాన్ని ఇంట్లో కొనుక్కోలేని విద్యార్థికి, మిత్రుల పక్కన కూర్చొని ఆడాలనుకొనే యువకునికి ఇవి వినోదస్థానాలు. స్వయం ఉపాధి కోరే యువతకు ఇది ఒక జీవనమార్గం. అయితే ఈ వ్యాపారంలో ముందుగా ఆలోచించవలసినది కంప్యూటర్ల సంఖ్య గురించి కాదు, స్థలం గురించి. స్థలాన్ని ఎలా పంచారన్న దానిపైనే లాభనష్టాలు, ఒక్కొక్కప్పుడు ప్రాణాలు కూడా ఆధారపడి ఉంటాయి.

ఒక ఆటగాడు కూర్చొనే చోటును ప్రమాణంగా తీసుకొని లెక్క ప్రారంభించాలి. తెరకు, కీబోర్డుకు, మౌస్ కదలికకు 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల బల్ల సరిపోతుంది. కుర్చీ వేయడానికి, దానిని వెనుకకు జరపడానికి 3 అడుగులు కావాలి. ఆ తరువాత నడిచేవారికి 4 అడుగుల నడవ ఉండాలి. ఆ నడవ రెండు వరుసలకు ఉమ్మడిది కనుక ఒక్కొక్క వరుస వంతుకు 2 అడుగులు వస్తాయి. ఈ విధంగా ఒక్కొక్కరికి 4 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల లోతు, అంటే 30 చదరపు అడుగులు అవసరమవుతాయి.

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు గల ఒక హాలును ఉదాహరణగా తీసుకొందాం. దాని వైశాల్యం 1200 చదరపు అడుగులు. ఎడమ గోడను ఆనుకొని 5 బల్లల వరుస, కుడి గోడను ఆనుకొని మరొక వరుస, నడుమ వీపులు కలిపినట్లు రెండు వరుసలు అమర్చితే 20 మందికి చోటు ఏర్పడుతుంది. వరుసల మధ్య రెండు నడవలు మిగులుతాయి. ఈ భాగం 30 అడుగుల వెడల్పున, 20 అడుగుల లోతున హాలులో సరిగ్గా సగాన్ని ఆక్రమిస్తుంది. దీనికి ముందు 10 అడుగులు, వెనుక 10 అడుగులు మిగులుతాయి. ముందు భాగంలో ప్రవేశద్వారం, రుసుము చెల్లించే బల్ల, వేచి ఉండేవారి ఆసనాలు, నలుగురు కలిసి పెద్ద తెరపై ఆడే మూల ఉంటాయి. వెనుక భాగంలో అడ్డంగా 4 అడుగుల దారి, దాని వెనుక మరుగుదొడ్లు, విద్యుత్ పరికరాల గది, సామాన్ల గది, వాటి నడుమ నుంచి వెలుపలికి తెరుచుకొనే రెండవ ద్వారం ఉంటాయి. రెండు నడవల్లో దేనిలో ఉన్నవారైనా ముందుకు గాని వెనుకకు గాని వెళ్లగలుగుతారు.

ఈ అమరికలో మరొక సౌలభ్యం ఉంది. ఆటగాళ్లు గోడవైపు తిరిగి కూర్చొంటారు కనుక తెరలన్నీ నడవవైపు కనిపిస్తాయి. ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయం కల్పించే కేంద్రాల కోసం కేంద్రప్రభుత్వం 2011లో కొన్ని నియమాలు చేసింది. అరలు కట్టదలిస్తే వాటి అడ్డుగోడలు నేల నుంచి నాలుగున్నర అడుగులకు మించరాదు. అరలు లేని చోట తెరలు అందరూ మెలిగే స్థలంవైపు తిరిగి ఉండాలి. తల్లిదండ్రులు లేక సంరక్షకులు వెంట లేని మైనర్లను అరలలో కూర్చోనీయరాదు. తమ పిల్లలు ఎక్కడ కూర్చున్నారో, ఏమి ఆడుతున్నారో గడపలో నిలబడి చూడగలిగితే తల్లిదండ్రులకు ఆ కేంద్రంపై నమ్మకం కలుగుతుంది.

ఈ చిత్రపటాన్ని చూసిన యజమానికి ఒక సందేహం కలగడం సహజం. హాలు మొత్తానికి అద్దె చెల్లిస్తూ సగంలోనే కంప్యూటర్లు పెట్టడం వృథా కాదా? వేచి ఉండే చోటును తొలగించి, నడవలను కుదించి, వెనుక దారిని మూసివేస్తే మరో 10 కుర్చీలు పడతాయి. గంటకు 50 రూపాయల చొప్పున ఒక్కొక్క కుర్చీ రోజుకు 4 గంటలు నిండిందనుకొన్నా 2000 రూపాయలు అదనంగా వస్తాయి. నెలకు 60,000 రూపాయలు! కాగితం మీద ఈ లెక్క ఎంతో ఆకర్షణీయంగా ఉంటుంది.

కాని కుర్చీ ఉన్నంత మాత్రాన ఆదాయం రాదు. అది నిండినప్పుడే వస్తుంది. ఉదయం వేళల్లో ఉన్న కుర్చీలే ఖాళీగా ఉంటాయి. రద్దీ సాయంత్రాలకు, సెలవు దినాలకు పరిమితం. ఆ వేళల్లో ఆడేవారు మాత్రమే రారు. చూసేవారు, వంతు కోసం ఎదురుచూసేవారు కూడా వస్తారు. వారికి కూర్చొనే చోటు లేకపోతే ఆటగాళ్ల కుర్చీల వెనుక నిలబడతారు. అప్పుడు ఇరుకైన నడవ పూర్తిగా మూసుకొనిపోతుంది.

విద్యుత్తు, వేడి విషయాలలోనూ ఇదే జరుగుతుంది. ఆట సాగుతున్నప్పుడు ఒక కంప్యూటరు, దాని తెర కలిసి సుమారు 500 వాట్లు వాడుతాయనుకొంటే, 20 కంప్యూటర్లకు 10 కిలోవాట్లు కావాలి. 230 వోల్టుల వద్ద ఇది 43 ఆంపియర్లకు పైమాటే. ఒక్కొక్క వరుసకు విడిగా ఒక వలయం, దానికొక రక్షక మీట ఏర్పాటు చేస్తే వలయానికి 11 ఆంపియర్ల భారమే పడుతుంది. అదనపు కుర్చీల కోసం ఉన్న సాకెట్లకే ఎక్స్‌టెన్షన్ బోర్డులు తగిలిస్తే తీగలు వేడెక్కుతాయి. పైగా కంప్యూటర్లు వాడుకొన్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారి గదిలోనే చేరుతుంది. ఒక్కొక్క మనిషి శరీరం నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. 20 కంప్యూటర్లు, 30 మంది మనుషులు కలిసి 13 కిలోవాట్ల వేడిని విడుదల చేస్తారు. ఒక టన్ను శీతల యంత్రం తొలగించగలిగేది మూడున్నర కిలోవాట్లు మాత్రమే. అంటే వీటికే దాదాపు 4 టన్నుల సామర్థ్యం కావాలి. ఎండకు కాగిన పైకప్పు వేడి దీనికి అదనం. మరో 10 కంప్యూటర్లు చేర్చితే రాబడితో పాటు విద్యుత్తు ఖర్చు కూడా పెరుగుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ప్రాణరక్షణ. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో జరిగిన అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. మంట పుట్టింది కింద వాహనాలు నిలిపే చోట ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ వద్ద. ప్రాణాలు పోయింది పైన బాల్కనీలో, పొగకు ఊపిరాడక. ఆ బాల్కనీలో అదనపు సీట్లు వేసి ఒక ప్రక్క నిర్గమ మార్గాన్ని మూసివేసినట్లు న్యాయవిచారణలో తేలింది. దాదాపు 27 సంవత్సరాల తరువాత, 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్ నగరంలో ఒక ఆటల కేంద్రమే అగ్నికి ఆహుతై, పిల్లలతో సహా 27 మంది మరణించారు. రేకులతో కట్టిన ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం లేదు. లోపల ఒక వైపు వెల్డింగ్ పని జరుగుతుండగానే మరొక వైపు ఆటలు కొనసాగాయి. గుజరాత్ హైకోర్టు మరునాడే తనంత తానుగా ఈ విషయాన్ని విచారణకు స్వీకరించింది.

ఈ దుర్ఘటనలు స్థల ప్రణాళికకు కొన్ని పాఠాలు నేర్పుతున్నాయి. కేంద్రం ఎంత చిన్నదైనా ఎదురెదురు దిక్కులలో రెండు ద్వారాలు ఉండాలి. అవి బయటివైపు తెరుచుకోవాలి. ఆట సాగుతున్నంతసేపు వాటికి తాళం వేయరాదు. 50 మంది లేక అంతకు మించి చేరే వినోదస్థలాల్లో ద్వారం వెడల్పు 2 మీటర్లకు తగ్గరాదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి సూచిస్తున్నది. శబ్దాన్ని అణచడానికి సులభంగా అంటుకొనే స్పాంజి పలకలు వాడరాదు. జనరేటరు ఇంధనాన్ని హాలులో నిల్వ చేయరాదు. విద్యుత్ మంటలపై నీరు చల్లడం ప్రమాదకరం కనుక కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక సాధనాలను చేతికందే చోట ఉంచాలి. పొగ కమ్మి దీపాలు ఆరినా కనిపించేలా దారి గుర్తులు బ్యాటరీతో వెలగాలి.

మంచి ప్రణాళికలో ఖాళీగా కనిపించే చోటు వృథా కాదు. నడవ, వేచి ఉండే స్థలం, వెనుక ద్వారం నేరుగా రూపాయి సంపాదించవు. కాని తల్లిదండ్రులు నిశ్చింతగా పిల్లలను పంపడానికి, వచ్చినవారు మళ్లీ రావడానికి అవే కారణమవుతాయి. నాటి మండపంలో ఆట ముగించినవారు ఏ దిక్కుకైనా లేచి ఇంటికి వెళ్లగలిగేవారు. నేటి హాలులో గోడలు కట్టిన యజమానికి ఆ దారిని కాపాడే బాధ్యత కూడా ఉంది. కుర్చీల సంఖ్యను నిర్ణయించడానికి ముందే ఆ దారిని కొలిచి గీయడం విజ్ఞుల లక్షణం.