పెరటి స్వరాజ్యము

పంచారామములలో నొకటియగు ద్రాక్షారామము పేరు తలచినంతనే భీమేశ్వరుడు స్మృతికి వచ్చును గాని, ఆ పేరు తుద నున్న మాట యెవ్వరికిని తోచదు. ఆరామమనగా తోట. అమరావతి, సామర్లకోట, పాలకొల్లు, భీమవరము, ద్రాక్షారామము - ఈ యైదు క్షేత్రములకును పూర్వులు తోటపేరే పెట్టిరి. దక్షుని తోట గనుక దక్షారామమని పౌరాణికులును, బౌద్ధుల విహారములకు ఆరామమను పేరు గలదు గనుక ఇది ఆ కాలపు గుర్తని కొందఱు చరిత్రకారులును చెప్పుదురు. ఆ వివాదముతో మనకిప్పుడు పని లేదు. తోటపేరు పెట్టుకొన్న సీమలో నేడు ఇంటింట తోట యెంత మిగిలినదను ప్రశ్నయే మనది.

ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో నారంభమై 1852లో ముగిసినది. నాటినుండి ఈ డెల్టా వరిసీమ యైనది. సార్వాకు నీరు, దాళ్వాకు నీరు, గట్లమీద కొబ్బరి; ఇంతకంటె భాగ్యమేమి కావలయును? కాని ధాన్యరాశి పెరిగిన కొలదియు పెరడు తరిగినది. ఒకనాడు నూతి చెంత అరటి, దాని నీడను కంద, చేమ. దడిమీద బచ్చలి, దొండ. గోడవార కరివేప, మునగ. పాకమీద ఆనప, గుమ్మడి - ఇవి లేని యిల్లు పల్లెటూర అరుదుగా నుండెను. నేడు పది యెకరముల కామందు సయితము కరివేపాకు రెబ్బను కొని తెచ్చుకొనుచున్నాడు. పెరటిలో సిమెంటు పఱచినాడు. మిగిలిన జానెడు చోట, కాయయు పువ్వును లేని, పేరైనను తెలియని మొక్క నొకదానిని కుండీలో నుంచినాడు. అది చచ్చిన మఱియొకటి కొనును. నేలయు నీరును గలవాడు కూరాకు కొఱకును మొక్క కొఱకును అంగడికి బోవుట చూచువారికి వింతగా నుండవలసినది. అందఱును అట్లే చేయుచుండుటచే వింత గాకున్నది.

ఇందు మనము పోగొట్టుకొన్నది కూరగాయ మాత్రమే కాదు. మొక్కనుండి మొక్కను చేయు విద్య పోయినది. ఈ విద్యకు బడి లేదు, పరీక్ష లేదు. అత్త కోడలికి చూపినది, పాలేరు పిల్లవానికి చూపినది, అంతే. చూపువారు పోయి, చూచువారు పట్టణముల కేగిన తరువాత అది నిలుచు టెట్లు? కావున ఇచ్చట దానిని కొంచెము విస్తరించి వ్రాయుట యుక్తమని తలచుచున్నాము.

మునగకు గింజ యక్కఱలేదు. చేతి మందమున ముదిరిన కొమ్మను రెండు మూడు మూరల పొడవున నఱకి, ఒకటి రెండు దినములు నీడను ఆరనిచ్చి, మొదలు క్రిందుగనే యుండునట్లు పాతి, పైకొనకు పేడముద్ద యద్దిన చాలును. పేడ దిష్టికొఱకు పెట్టునది కాదు. కోతముఖమున కొమ్మ యెండిపోకుండుటకును, వాననీరు దిగి క్రుళ్లకుండుటకును పెట్టునది. దొండ మాట వేఱు. దానియందు ఆడతీగ, మగతీగ వేఱువేఱుగా నుండును. గింజ నాటినచో మగతీగ వచ్చి, పందిరినిండ అల్లుకొని ఒక్క కాయయు నీయకపోవచ్చును. అందుచేతనే మన యాడువారు కాయుచున్న తీగనుండి మూడు నాలుగు కణుపుల ముక్కను త్రుంచి నాటుదురు. వారికి వృక్షశాస్త్రము చెప్పినవా రెవ్వరును లేరు. బచ్చలి, పొన్నగంటి, తమలపాకు - వీనికిని కణుపే ప్రాణము. కరివేపకు తల్లిచెట్టు వేరునుండి లేచు పిల్లను వేరుతో కూడ త్రవ్వి తీయవలెను. కందను మొలక యుండు భాగము ప్రతి ముక్కకును వచ్చునట్లు కోసి, పేడనీటిలో ముంచి, నీడను ఆరబెట్టి పాతవలెను. అరటియందు పిలకలు రెండు జాతులు: కత్తివలె సన్నని యాకులతో మొదలు బలిసియుండు సూదిపిలక, చిన్ననాడే వెడల్పాటి యాకులు విచ్చు నీటిపిలక. చూపునకు నీటిపిలకయే ముద్దుగా నుండును, కాని దుంపబలము సూదిపిలకదే. చక్రకేళి యైనను, అమృతపాణి యైనను, కూరకు బొంత యైనను ఈ నియమము మాఱదు.

కొమ్మ పాతినంత మాత్రమున వేరూనని జాతులకు అంటు కావలెను. వానిలో గృహస్థునకు మిక్కిలి సులభమైనది గుట్టీ అంటు. దానిమ్మ, జామ మొదలగు చెట్లలో ఏపుగానున్న కొమ్మ నొకదానిని చూచి, అంగుళము వెడల్పున బెరడును ఉంగరమువలె చుట్టును తీసివేసి, ఆ చోట తడిమట్టియు కొబ్బరిపీచును కలిపి కట్టి, తడి యారకుండ కాపాడవలెను. కొన్ని వారములలో గాయమునకు పైయంచున వేళ్లు పుట్టును. క్రిందియంచున పుట్టక పైయంచుననే యేల పుట్టవలెను? చెట్టు నీటిని కట్టె మార్గమున పైకి పంపును; ఆకులు వండిన యాహారమును, లేత చిగుళ్లలో పుట్టి వేరును మొలపించు ఆక్సినులను ద్రవ్యములును పైనుండి క్రిందికి దిగును. బెరడు తెగినచోట ఆహారము ముందుకు సాగలేక, ఆ ద్రవ్యముతో కూడ గాయము పైననే చేరును. ఆ చేరిక వేళ్లగా బయలుదేరును. పూర్వము అంటుకట్టున కెగువ చిల్లికుండ నొకదానిని వ్రేలగట్టి, చిల్లిలో గుడ్డపీలిక నుంచి, చుక్కచుక్కగా నీరు దిగునట్లు చేసెడివారు. ఇప్పుడు ప్లాస్టికు కాగితము చుట్టుచున్నారు. వానకాలమున గోనెగుడ్డయు పీచును చాలునని మా యభిప్రాయము. దినదినము చూచు కన్ను మాత్రము కావలెను.

ఇది పరదేశమునుండి తెచ్చుకొన్న విద్య కాదు. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయమునే కేటాయించెను. కాండమును నాటి పెంచదగిన చెట్లను పేర్కొని, వానికి పేడ పూయుమని విధించెను. ఆ పట్టికలో అరటియు, దానిమ్మయు, ద్రాక్షయు గలవు. ఒక చెట్టు కాండమును మఱియొక చెట్టు మొదటిమీద నెక్కించు ప్రసంగమును అచ్చటనే యున్నది. ఆయన పనసను గూడ నా పట్టికలో చేర్చినాడు. పనసకొమ్మ పాతి వేళ్లకై వేచి చూచినవారికి ఆ వాక్యము నెంతవఱకు నమ్మవలయునో తెలిసియే యుండును. ప్రాచీనమైనంత మాత్రమున అన్నియు నెత్తి కెత్తుకొన నక్కఱలేదు, పరీక్షించి తీసికొనవలెను. సురపాలుని వృక్షాయుర్వేదము ఆంగ్లానువాదముతో సికిందరాబాదునుండి 1996లో వెలువడినది. దాని వ్రాతప్రతి ఆక్సుఫర్డు గ్రంథాలయమున నుండెనని విన్నప్పుడు కలిగిన భావమును చదువరుల యూహకే విడిచెదము.

కొబ్బరినీటి మాట గూడ నిచ్చట చెప్పదగును. 1941లో వాన్ ఓవర్‌బీక్ అను శాస్త్రజ్ఞుడు ఉమ్మెత్త గింజలోని అతిసూక్ష్మ పిండములను గాజుపాత్రలో పెంచుటకు కొబ్బరినీటిని వాడి కృతార్థుడయ్యెను. కణములు విభజింపబడుటకు తోడ్పడు ద్రవ్యములు అందున్నవని తరువాత తేలినది. ఉమ్మెత్త మన పుంతలలో మొలచునది, కొబ్బరి మన గట్లమీద కాయునది. ఆ రెంటిని ఒకచోట చేర్చు బుద్ధి మాత్రము సముద్రము కావలివారికి పుట్టినది.

విద్య పూర్తిగా నశించినదనుట న్యాయము కాదు. రాజమహేంద్రవరమునకు సమీపమున కడియము, కడియపులంక, బుర్రిలంక మొదలగు గ్రామములలో అది జీవించియే యున్నది. జీవించుటయే కాదు, లారీలకెక్కి ఇతర రాష్ట్రములకు పోవుచున్నది. ఏటి యొండ్రుమట్టి, పుష్కలమైన నీరు, ప్రక్కనే రాజమార్గము - ఈ మూడును కలిసి అచ్చటి తోటలకు పేరు తెచ్చినవి. యజమానుల పెట్టుబడిని, సాహసమును మెచ్చుకొందము. కాని ఆ తోటలలో గొంతుకూర్చుండి దినమునకు వందలకొలది అంట్లు కట్టు స్త్రీపురుషుల వ్రేళ్లలోనే అసలు విద్య యున్నది. కత్తి యెంత లోతు దిగవలెనో, ఏ కణుపునొద్ద కోయవలెనో వారు చూడకయే చెప్పగలరు. వారిని కూలివారనియే పిలుచుచున్నాము, కూలియే యిచ్చుచున్నాము. ఒక గ్రామపు బడిలో నెలకొకనాడు అట్టివారి నొకరిని గురుస్థానమున కూర్చుండబెట్టి, తగిన పారితోషిక మిచ్చి, పిల్లలకు అంటుకట్టుట నేర్పించినచో బడికి వచ్చు నష్టమేమి? భూస్వాములు తలచుకొన్న ఇది కష్టము కాదు.

ఇక తిండి సంగతి. గోదావరి తీరపు పెండ్లిభోజనమున కందాబచ్చలి, పనసపొట్టు కూర లేకున్న పెద్దలు మొగము చిట్లించుకొందురు. అరటిపువ్వు, అరటిదూట, మునగాకు, అవిసాకు, తోటకూర - పెరటినుండి వంటయింటికి పది యడుగులు నడచి వచ్చిన వంటకములివి. వడ్డించుటకు ఆకు గూడ అచ్చటిదే. తిన్న పిమ్మట అది పశువునకు మేత, లేదా గోతిలో గెత్తము. ఈ సాదా జీవనమును దారిద్ర్యచిహ్నముగా నెంచు రోజులు వచ్చినవి. ఫలమేమి? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత గలదు. అన్నపూర్ణ యని పేరుగన్న సీమ గల రాష్ట్రమున కిది సిగ్గుచేటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలు మనిషికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెనని చెప్పుచున్నవి. ఐదుగురున్న యింట అది దినమునకు రెండు కిలోలు. ఇంత కూర దినదినము కొనగల కుటుంబము లెన్ని?

రక్తవృద్ధికి కావలసిన ఫోలిక్ ఆమ్లమునకు ఆకునుబట్టియే పేరు వచ్చినది. 1941లో దానిని పాలకూరనుండి వేఱుచేసి ఆ నామకరణము చేసిరి. దానిని ప్రయోగశాలయందు నిర్మించి 1945లో లోకమునకు తెలిపిన అమెరికా బృందమునకు నాయకత్వము వహించినవాడు మన యెల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరమున జన్మించినవాడు. ఆ భీమవరము పైన చెప్పిన యైదు ఆరామములలో నొకటి. ఆయన స్వస్థలపు పెరళ్లలో ఆకుకూర కఱవగుట తగునా? అయితే ఆకులన్నిటను సర్వమును గలదని భ్రమపడరాదు. బి12 విటమిను మొక్కలలో దొరకదు. మాంసము ముట్టని గృహస్థు పాలు, పెరుగు, మజ్జిగ విడువరాదు. అవియు మానినవారు వైద్యుని సలహాతో దానిని వేఱుగా తీసికొనవలెను.

మొక్కను ఇంటనే చేసికొనుటలో మఱియొక క్షేమము గలదు. దూరమునుండి వచ్చు మొక్క ఒంటరిగా రాదు. మట్టిని, పురుగును, తెగులును వెంటబెట్టుకొని వచ్చును. సర్పిలాకారముగ గ్రుడ్లుపెట్టు తెల్లదోమ యొకటి 2016లో తమిళనాడునందలి పొల్లాచ్చి ప్రాంతమున మన దేశమునందు తొలిసారి కనబడి, అనతికాలముననే గోదావరి కొబ్బరితోటలకు దిగినది. మట్టలు మసిపూసినట్లు నల్లబడుట చూడని రైతు కోనసీమలో లేడు. మందులు కొట్టుటకంటె దానిని హరించు పరాన్నజీవులును, శిలీంధ్రమును మేలని శాస్త్రజ్ఞులే చెప్పిరి. ఐనను ఇంటి పిలకకు దోషమే యుండదని మేము చెప్పము. మొవ్వునందలి యాకులన్నియు కుఱుచలై గుత్తివలె నిలువబడు తెగులు తగిలిన అరటినుండి తీసిన పిలక, పొరుగువానికి దానముగా నిచ్చినను, తెగులునే యిచ్చును. తల్లిని చూచి పిల్లను తీయవలెనను మాటకు తోటపనియందు అక్షరార్థమే గలదు.

గింజతో పెరుగు కూరలకు ఇంటి విత్తనము కావలెను. బీరతీగకు కాచిన తొలికాయలలో మేలైనదానిని కోయక తీగమీదనే యెండనిచ్చిన, ఆ కాయయే విత్తనపు భరణి. వంగగింజలు బూడిదతో కలిపి దాచెడివారు. అంగటి సంకర విత్తనము ఒకయేడు విరగకాయును. దానినుండి తీసిన గింజ మఱుసటి యేడు తల్లినిబోలి కాయదు, కావున ఏటేటను కొనవలసినదే. మామిడిటెంక పాతినను ఇట్టి యనిశ్చయమే. కొత్తపల్లి కొబ్బరి కావలెనన్న అంటు తప్పదు. కాగితపు నిమ్మ మాత్రము ఉదారమైనది. ఒక్క గింజనుండి రెండు మూడు మొలకలు లేచి, వానిలో హెచ్చుభాగము తల్లికి ప్రతిరూపములే యగును. కొబ్బరికి కొమ్మ లేదు, అంటు లేదు, కాయ యొక్కటే గతి. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో కూలిన చెట్ల చోట మరల నీడ నిలుచుటకు ఎన్ని యేండ్లు పట్టినదో కోనసీమ వారిని అడుగవలెను.

శాసనము ఈ విషయమున రైతు పక్షముననే యున్నదని పలువు రెఱుగరు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ విభాగము ప్రకారము రైతు తన పంట విత్తనమును దాచుకొనవచ్చును, విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, వ్యాపారపు ముద్ర వేయక అమ్మనువచ్చును. మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయ ఉద్యమము, 2016లో మొదలిడినది, పేడ, గోమూత్రము, సున్నములతో చేయు బీజామృతమును గ్రామగ్రామమున పరిచయము చేసి, 2024లో పోర్చుగల్లునందలి గుల్బెంకియన్ బహుమానమున పాలుపొందినది. హక్కు గలదు, మార్గము గలదు. దాచిన విత్తనమే లేదు.

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడినంతనే మునగకొమ్మయు, అరటిపిలకయు పాతవచ్చును. ఆరుద్రలో బచ్చలి, దొండ ముక్కలు. గాలిలో తడి నిలుచు పునర్వసు, పుష్యమి కార్తెలలో గుట్టీ అంట్లు కట్టవలెను. రెండు సెంట్ల చోటు చాలును. సిమెంటు పఱచినవారు గోడవార మూరెడు వెడల్పున పగులగొట్టినను దొండపందిరికి సరిపోవును. ముక్క పాతినది మొదలు రెండు మూడు నెలలకు తొలికాయ చేతి కందును.