పదహారు మందిలో తేలేది, తేలనిది

నైరుతి జపాన్‌లో, ముఖ్యంగా క్యూషూ దీవిలో, ఒక అరుదైన లింఫోమా ఎక్కువగా కనిపిస్తుంది. పేరు అడల్ట్ టీ-సెల్ లుకేమియా-లింఫోమా. దీనికి మూలం హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్. చాలామందికి అది పసితనంలో తల్లిపాల ద్వారా సోకుతుంది. దశాబ్దాల పాటు ఒంట్లో ఊరకే ఉండి, కొద్దిమందిలో మాత్రం క్యాన్సర్‌కు దారితీస్తుంది. కీమోథెరపీతో తగ్గినట్టే తగ్గి, తరచూ తిరగబెడుతుంది.

అలా తిరగబెట్టినవారి కోసం జపాన్‌లో మోగాములిజుమాబ్ అనే యాంటీబాడీ తయారైంది. ఈ క్యాన్సర్ కణాల మీద సాధారణంగా సీసీఆర్4 అనే ప్రొటీన్ ఉంటుంది. యాంటీబాడీ దాన్ని పట్టుకుంటే, రోగి సొంత రక్షణ కణాలు వచ్చి ఆ కణాన్ని చంపేస్తాయి.

2010లో వెలువడిన ఈ మందు తొలిదశ ప్రయోగ ఫలితాల్లో ఉన్నది 16 మందే. మోతాదు శరీర బరువులో కిలోకు 0.01 మిల్లీగ్రాముతో మొదలై, విడతలవారీగా 1 మిల్లీగ్రాము దాకా వెళ్లింది. ఒక విడతలో చేరిన కొద్దిమంది తట్టుకున్నాకే తర్వాతి విడత. ఇంత నిదానం ఎందుకు అవసరమో 2006లో లండన్‌లో జరిగింది చూపిస్తుంది: మరో యాంటీబాడీని తొలిసారి ఎక్కించినప్పుడు, ఆరోగ్యవంతులైన ఆరుగురు యువకులు గంటల్లోనే ప్రాణాపాయంలో పడ్డారు. జంతువుల్లో పరీక్షించాక, భద్రమని లెక్కగట్టిన మోతాదే అది. ఆరుగురూ బతికారు కానీ, కొత్త యాంటీబాడీ మొదటి చుక్కను చూసే తీరు మారిపోయింది.

ఆ 16 మందిలో ఐదుగురికి వ్యాధి తగ్గింది. దీన్ని మందు విజయశాతంగా చదవకూడదు. అతి చిన్న మోతాదు అందుకున్నవారూ ఆ లెక్కలో ఉన్నారు. తొలిదశ ప్రధానంగా అడిగేది శరీరం ఎంత మోతాదు తట్టుకోగలదని. సమ్మతి పత్రంపై సంతకం పెట్టే ముందు రోగికీ, ఇంట్లోవాళ్లకూ ఈ మాట వాళ్ల భాషలో, తీరిగ్గా చెప్పాలి. ఆశతో వచ్చిన మనిషికి అది కనీస న్యాయం.

రెండో దశలో వారానికోసారి, ఎనిమిది సార్లు ఇచ్చారు. ఫలితం అంచనా వేయగలిగిన 26 మందిలో 13 మందికి వ్యాధి తగ్గింది. 2012లో జపాన్ అనుమతి ఇచ్చింది.

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. రోగనిరోధక శక్తిని అదుపులో ఉంచే మంచి కణాల మీద కూడా సీసీఆర్4 ఉంటుంది. అవి తగ్గితే ఒంటిమీద తీవ్రమైన దద్దుర్లు రావచ్చు. మందు వాడిన కొద్దికాలానికే దాత మూలకణాలు ఎక్కిస్తే, ఆ దాత కణాలు రోగి శరీరంపైనే దాడిచేసే ముప్పు పెరుగుతుందని తేలింది. పదహారు మందిలో ఈ ముప్పు కనబడేది కాదు. అందుకే మూలకణాల మార్పిడి ఆలోచన ఉన్న రోగికి ఈ మందు ఇవ్వాలా, ఇస్తే ఎంత ఎడం పాటించాలన్నది డాక్టర్లు ముందే చూసుకుంటున్నారు.