చలికాలంలో దూరపు పరుగు: వేడి, తిండి, వేళ

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు పావు వంతే కదలికగా మారుతుంది. మిగిలిన ముప్పావు వంతు శరీరంలోనే వేడిగా మారుతుంది. 60 కిలోల మనిషి గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 600 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. అందులో 450 దాకా వేడే. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే శరీర ఉష్ణోగ్రత ఏడు నిమిషాలకో డిగ్రీ చొప్పున పెరిగిపోతుంది. చెమట ఆరడం, చర్మాన్ని తాకే గాలి, ఈ రెండే వేడిని తీసుకుపోయే ప్రధాన మార్గాలు. మే నెలలో గాలి చర్మం కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి రెండో మార్గం మూసుకుపోతుంది, భారమంతా చెమట మీదే పడుతుంది. గాలి చల్లబడితే రెండు మార్గాలూ తెరుచుకుంటాయి. దూరపు పరుగుల్లో మంచి సమయాలు 10 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్న వాతావరణంలోనే ఎక్కువగా నమోదు కావడానికి కారణం ఇదే.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ లాంటి ఊళ్లకు ఆ వాతావరణం డిసెంబరు, జనవరి ఉదయాల్లో దానంతటదే వస్తుంది. ఉత్తరాది నుంచి వీచే పొడి గాలుల వల్ల ఉత్తర తెలంగాణలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచుగా 10 నుంచి 15 డిగ్రీల మధ్యకు, కొన్ని రోజుల్లో 10 కన్నా కిందికి దిగుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ 28, 30 డిగ్రీలకు చేరుతుంది. 1923–31 మధ్య మంజీరా మీద కట్టిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువల కింద ఈ ప్రాంతమంతా వరి, చెరకు పండే నేల. నీరు పారే పొలాల మీద పొద్దున పొగమంచు దట్టంగా దిగుతుంది.

ఇక్కడ పరుగు సాధన చేసేవారిలో ఎక్కువమంది ఉద్యోగార్థులైన యువత. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. అగ్నివీర్ పరీక్షలో 1.6 కిలోమీటర్లకు పూర్తి మార్కులు కావాలంటే 5 నిమిషాల 30 సెకన్లు దాటకూడదు. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుకు పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్, 42.195 కిలోమీటర్ల మారథాన్ లక్ష్యంగా పెట్టుకున్నవారూ ఉంటారు. ఈ పరీక్షలన్నిటికీ పునాది ఒకటే: ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునే సామర్థ్యం. 1600 మీటర్ల పరుగులో కూడా శక్తిలో ఎక్కువ భాగం ఆ మార్గంలోనే వస్తుంది. ఆ పునాదిని కట్టుకోవడానికి చలికాలాన్ని మించిన కాలం లేదు. అయితే ఈ కాలంలో శరీరం తన అవసరాలను ఆలస్యంగా చెబుతుంది. దాహం వేయదు, చెమట కనిపించదు, అలసట మధ్యాహ్నం దాకా బయటపడదు. అందుకే చలికాలపు సాధన శరీరం చెప్పే మాట మీద కన్నా లెక్క మీద నడవాలి.

చల్లని కండరం

కండరం చల్లగా ఉంటే అందులో రసాయనిక చర్యలు నెమ్మదిస్తాయి, నరాల సంకేతాల వేగం తగ్గుతుంది, కండర బంధనాలు బిగుసుకుని ఉంటాయి. నిద్ర లేచి నేరుగా వేగంగా పరుగెత్తితే తొడ వెనక కండరం, పిక్క, మడమ వెనక బంధనం దెబ్బతినేది ఇందువల్లే. మొదటి ఐదు నిమిషాలు నడక, తరువాత పది నిమిషాలు నెమ్మది పరుగు, ఆపైన మోకాళ్లు ఎత్తడం, కాళ్లు ఊపడం లాంటి కదిలే వ్యాయామాలు చేస్తే కండరాల ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది. ఒకే భంగిమలో నిలిచి కండరాన్ని సాగదీసే వ్యాయామాలు పరుగు ముగిశాక చేయడం మేలు.

దుస్తుల విషయంలో నియమం తేలికే. బయలుదేరేటప్పుడు కొంచెం చలి అనిపించాలి. అప్పుడే వెచ్చగా ఉంటే రెండు కిలోమీటర్లలో ఉక్కపోస్తుంది. నూలు బనియన్ చెమటను పీల్చి తడిగా ఒంటికి అంటుకుంటుంది. పరుగు ఆపగానే ఆ తడే వణుకు పుట్టిస్తుంది. పలుచని పాలిస్టర్ జెర్సీ, చెవులు కప్పే టోపీ, అవసరమైతే మధ్యలో తీసి నడుముకు కట్టుకునే పైచొక్కా చాలు. పరుగు కాగానే పొడి బట్టలు మార్చుకోవాలి. బరువు తగ్గాలని ప్లాస్టిక్ జాకెట్లు, మందపాటి స్వెట్టర్లు వేసుకుని పరుగెత్తే అలవాటు ప్రమాదకరం. అలా తగ్గేది నీరు మాత్రమే. కొవ్వు కరిగేది ఖర్చైన శక్తి వల్ల. చెమటకు దానితో సంబంధం లేదు.

మంచు, పొగ, ఊపిరి

చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని అంటుకున్న గాలి చల్లగా, బరువుగా కిందనే ఉండిపోతుంది. దాని పైన కొంచెం వెచ్చని పొర మూతలా నిలుస్తుంది. చలిమంటల పొగ, కోత అయ్యాక తగలబెట్టిన వరిగడ్డి పొగ, వాహనాల పొగ ఆ కింది పొరలోనే చిక్కుకుంటాయి. ఎండ ఎక్కి నేల వేడెక్కితే గాని ఆ పొర విడిపోదు. విశ్రాంతిలో మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 60 లీటర్లు దాటుతుంది, అదీ నోటితో. ముక్కు చేసే వడపోత, వెచ్చబరచడం రెండూ తప్పిపోతాయి. పొడి చల్లగాలి శ్వాసనాళాల లోపొరను ఎండబెడితే కొందరిలో నాళాలు బిగుసుకుని దగ్గు, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో వైద్యుని సలహా తీసుకుని, మూతికి పలుచని గుడ్డ కట్టుకుని, నెమ్మదిగా వేగం పెంచాలి.

జనవరి మొదట్లో ఇక్కడ సూర్యోదయం సుమారు 6:45కు అవుతుంది. ఐదింటికి బయలుదేరితే పరుగంతా చీకటిలోనే. చలికాలమంటే కోతల కాలం, చెరకు తరలే కాలం. వడ్ల ట్రాలీలు, చెరకు లారీలు, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, వాటి మీద కప్పిన టార్పాలిన్లు, అడ్డంగా పెట్టిన రాళ్లు మంచులో కనిపించవు. వీలైనంతవరకు బడి మైదానంలోనో, కల్కి చెరువు కట్ట లాంటి వాహనాలు లేని చోటో పరుగెత్తాలి. రోడ్డు తప్పనిసరైతే ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపున, వెలుతురు పడితే మెరిసే పట్టీల చొక్కాతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకుండా వెళ్లాలి. మంచు దట్టంగా ఉన్న రోజు పరుగును సాయంత్రం నాలుగున్నరకు మార్చుకోవడం ఉత్తమం. ఆ వేళకు గాలి శుభ్రపడి ఉంటుంది, కండరాలు వెచ్చగా ఉంటాయి.

దాహం వేయని కాలం

చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం శరీర మధ్యభాగానికి చేరుతుంది. అక్కడ పీడనం పెరగడంతో నీరు ఎక్కువైందని భావించి మూత్రపిండాలు మూత్రాన్ని పెంచుతాయి. మెదడు దాహపు సంకేతాన్ని తగ్గిస్తుంది. మరోవైపు ప్రతి ఊపిరితో తేమ బయటికి పోతూనే ఉంటుంది. నీటి లోటు కొలవడానికి రెండు సులువైన పద్ధతులున్నాయి. మూత్రం లేత పసుపులో ఉంటే నీరు సరిపోయినట్టు, ముదురు రంగులో ఉంటే చాలనట్టు. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు నీటికి సమానం. ఆ లోటును రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తీర్చాలి. పలుచని మజ్జిగలో ఉప్పు వేసుకుంటే నీటితోపాటు సోడియం కూడా అందుతుంది. లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు ఒకేసారి తాగితే రక్తంలో సోడియం పలుచబడే ప్రమాదం ఉంది.

కంచంలో ఉండాల్సినవి

పరుగుకు ప్రధాన ఇంధనం పిండిపదార్థం. అది కండరాల్లో 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. గంటన్నర, రెండు గంటల గట్టి పరుగుకు ఆ నిల్వ అడుగంటుతుంది. రోజుకు గంట సాధన చేసేవారికి కిలో బరువుకు 5 నుంచి 7 గ్రాముల పిండిపదార్థం, 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మామూలు మనిషికి భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన మాంసకృత్తుల మోతాదు కిలోకు 0.83 గ్రాములే. పరుగెత్తేవారికి దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అవసరం.

60 కిలోల మనిషికి ఈ లెక్క రోజుకు కనీసం 300 గ్రాముల పిండిపదార్థం, 72 గ్రాముల మాంసకృత్తులు. బాన్సువాడ ఇళ్లలో దొరికే తిండితోనే ఇది తీరుతుంది. మూడు పూటల్లో కలిపి 250 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పిండితో జొన్నరొట్టెలు, 60 గ్రాముల కందిపప్పు, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, 400 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు తీసుకుంటే పిండిపదార్థం 300 గ్రాములు దాటుతుంది, మాంసకృత్తులు 78 గ్రాముల దగ్గరికి వస్తాయి. దీనికి ఆకుకూరలు, చిక్కుడు, జామ, రేగుపండ్లు తోడవ్వాలి. గుడ్లు తిననివారు వాటి బదులు పప్పు, శనగలు, పెరుగు పెంచుకోవాలి. ఖరీదైన ప్రొటీన్ డబ్బాల అవసరం ఏమీ లేదు.

ఏ వేళకు ఏది తినాలన్నది కూడా ముఖ్యమే. గంటలోపు తేలిక పరుగుకు ముందు ఒక అరటిపండు చాలు. గంటన్నర దాటే పరుగుకు ముందు ఇడ్లీ లాంటి తేలికైన తిండి గంటన్నర ముందే తినాలి. పరుగు మధ్యలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. 40 గ్రాముల బెల్లంలో 34 గ్రాముల దాకా ఉంటుంది. ముగిశాక గంట, రెండు గంటల్లోపు పూర్తి భోజనం చేయాలి. చలికి వేడి టీలు తాగి, పదకొండింటి దాకా ఏమీ తినకుండా ఉండడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. మరమ్మతుకు సిద్ధంగా ఉన్న కండరానికి ఆ మూడు నాలుగు గంటలూ వృథా అవుతాయి.

ఇనుము సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తక్కువైతే ఎంత సాధన చేసినా వేగం పెరగదు. పాదం నేలను తాకే ప్రతిసారీ కొన్ని ఎర్ర రక్తకణాలు చితకడం, చెమట, నెలసరి ఈ లోటును ఇంకా పెంచుతాయి. జొన్న, పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. నిమ్మరసం, జామ, ఉసిరి అందుకు చాలు. శరీరం ఇనుమును పీల్చుకోవడాన్ని టీ అడ్డుకుంటుంది కాబట్టి భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం ఉండాలి. సాధన మొదలుపెట్టే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం ప్రతి అమ్మాయికీ అవసరం.

పని, పండుగ, దీక్ష

చలికాలం ఇక్కడ తీరిక కాలం కాదు. వానాకాలం వరి కోతలు, వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర కాపలా, ఆ వెంటనే యాసంగి నాట్లు వస్తాయి. రోజంతా నాటు వేసిన నడుముకు, బస్తాలు మోసిన కాళ్లకు ఆ పని కూడా సాధనే. శరీరం రెండిటినీ ఒకే ఖాతాలో రాసుకుంటుంది. కాబట్టి పొలం పని గట్టిగా ఉన్న వారంలో పరుగు దూరాన్ని మూడో వంతు తగ్గించాలి, వేగపు పరుగు మానేయాలి. మామూలు వారంలో మూడు నాలుగు తేలిక పరుగులు, ఒక వేగపు సాధన, ఒక దూరపు పరుగు, కనీసం ఒక పూర్తి విశ్రాంతి రోజు సరిపోతాయి. వారం మొత్తం దూరంలో ఐదింట నాలుగు వంతులు మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా ఉండాలి. దూరాన్ని వారానికి పదో వంతుకు మించి పెంచకూడదు.

నిద్ర తగ్గితే సాధన ఫలితం తగ్గుతుంది. కండరాల మరమ్మతుకు తోడ్పడే పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. ఐదింటికి లేవాలనుకునేవారు రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. మార్గశిర, మాఘ మాసాల్లో రాత్రి పెళ్లిళ్లుంటే మరునాటి ఉదయపు పరుగును సాయంత్రానికి మార్చాలి. పెళ్లిళ్లు ఉండని పుష్యమాసం కష్టమైన సాధనకు కలిసొచ్చే కాలం.

అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు నేల మీద పడుకుంటారు, తెల్లవారుజామున చన్నీటి స్నానం చేస్తారు, మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం మాత్రమే తీసుకుంటారు. అంత తక్కువ తిండితో దూరం పెంచడం మంచిది కాదు. భిక్ష అరిగాక సాయంత్రం అరగంట తేలిక పరుగుతో పునాదిని నిలుపుకుంటే చాలు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 2030లో జనవరిలోనూ డిసెంబరులోనూ రెండుసార్లు వస్తుంది. ఉపవాసం ఉన్నవారికి ఇఫ్తార్‌కు కొద్ది ముందు చిన్న పరుగు, లేదా ఇఫ్తార్ అయిన రెండు గంటలకు సాధన అనుకూలం. సంక్రాంతి సకినాలు, అరిసెలు, నువ్వులుండలు శక్తి నిండిన తిండి. నువ్వుల్లో కాల్షియం కూడా సమృద్ధిగా ఉంటుంది. వాటిని మానేయనక్కరలేదు. దూరపు పరుగు ముగిసిన రోజు తింటే అవి ఒంటికి పనికొస్తాయి.

ఆగాల్సిన సందర్భాలు

ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే నెమ్మది పరుగు ఫరవాలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తిగా ఆగాలి. వైరస్ జ్వరంలో శ్రమ చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. పొద్దున లేవగానే నాడి మామూలుకన్నా నిమిషానికి పది ఎక్కువగా కొట్టుకోవడం, ఎముక మీద ఒకేచోట నొప్పి, ఆకలి మందగించడం, అమ్మాయిల్లో నెలసరి ఆగిపోవడం ఖర్చుకు తగిన తిండి అందడం లేదనో, విశ్రాంతి చాలడం లేదనో చెప్పే సంకేతాలు. అలాంటప్పుడు సాధన తగ్గించి వైద్యుణ్ణి కలవాలి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నియామక పరీక్ష తేదీ ప్రకటించాక ఆరు వారాల్లో హడావుడిగా పరుగెత్తేవారికి దెబ్బలు ఎక్కువ, ఫలితం తక్కువ. నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా కార్తీకంలో మొదలుపెట్టి శివరాత్రి దాకా వారానికి ఐదు రోజులు నెమ్మదిగా పరుగెత్తినవారికి ఎండాకాలంలో ఏ పరీక్ష వచ్చినా పునాది సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో ఒకరు సాధన చేస్తుంటే వారికి పొద్దున వేళకు ఇంత తిండి, రాత్రి వేళకు నిద్ర దొరికేలా చూడటం కుటుంబమంతా చేయదగిన సాయం.