ఫింగర్ లేక్స్ కుటీరాలు

ఫింగర్ లేక్స్ కుటీరాలు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఫింగర్ లేక్స్ అనబడే పదకొండు సరస్సుల ఒడ్డున ఉన్న చిన్న వేసవి ఇళ్ళు. స్థానికులు వీటిని కాటేజీలని, క్యాబిన్లని అంటారు. వీటిలో చాలా ఇళ్ళు రెండు మూడు తరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న చెక్క కట్టడాలు. యజమానులు వేసవిలో కొన్ని వారాలు తాము గడిపి, మిగిలిన వారాలకు ఇతర కుటుంబాలకు అద్దెకు ఇస్తారు. ముందు సరస్సు, వెనుక వాలు మీద ద్రాక్షతోటలు ఉండటం ఈ కుటీరాల ప్రత్యేకత. ద్రాక్షను చలి నుండి కాపాడేది ఆ సరస్సే. చాలా కుటీరాలకు, పక్క ఊళ్ళకు తాగునీరు ఇచ్చేది కూడా ఆ సరస్సే. అందువలన ఇక్కడ కుటీరం అద్దెకు తీసుకోవడం హోటల్‌లో గది తీసుకోవడం వంటిది కాదు. అద్దెకు వచ్చినవారు ఆ వారం రోజులు సరస్సు బాగోగులలో కూడా భాగస్వాములవుతారు.

సరస్సులు

మంచుయుగంలో ఉత్తరం నుండి కదలివచ్చిన మంచుపలకలు పాత నదీలోయలను లోతుగా కోసివేయడం వలన ఈ సరస్సులు ఏర్పడినవి. అన్నీ ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగి, పటంలో చేతివేళ్ళ వలె కనిపిస్తాయి. ఆ పేరు అందుకే వచ్చింది. పడమటి నుండి తూర్పుకు వరుసగా కొనీసస్, హెమ్లాక్, కెనడిస్, హనియోయ్, కెనన్డైగ్వా, క్యూకా, సెనెకా, కయూగా, ఒవాస్కో, స్కానియాట్లిస్, ఓటిస్కో అనునవి ఆ సరస్సులు. వీటిలో సెనెకా అన్నిటికంటె లోతైనది. దాని గరిష్ఠ లోతు సుమారు 188 మీటర్లు (618 అడుగులు). కయూగా లోతు సుమారు 133 మీటర్లు. హనియోయ్ మాత్రం 9 మీటర్లకు మించదు. క్యూకా సరస్సు ఆంగ్ల అక్షరం వై ఆకారంలో రెండు పాయలుగా ఉంటుంది.

ఈ లోతులు కుటీరం ఎంచుకొనేవారికి కూడా అవసరమైన వివరాలే. లోతు తక్కువ సరస్సు జూన్ నాటికే ఈతకు తగినంత వెచ్చబడుతుంది, కాని ఆగస్టులో నాచు బెడద దానికే ఎక్కువ. సెనెకా వంటి లోతైన సరస్సు నీరు జూలై వచ్చినా చల్లగానే ఉంటుంది.

ఇది హాడెనొసౌనీ (ఇరోక్వా) కూటమికి చెందిన సెనెకా, కయూగా తదితర జాతుల భూమి. సరస్సుల పేర్లలో ఎక్కువ భాగం వారి భాషలవే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో, 1779లో, జనరల్ సల్లివాన్ నాయకత్వంలోని సైన్యం వారి గ్రామాలను, మొక్కజొన్న చేలను, పండ్లతోటలను తగులబెట్టింది. కయూగా సరస్సు పరిసరాలలోని భూమిని తరువాత యుద్ధంలో పాల్గొన్న సైనికులకు పంచిపెట్టారు. వేసవి విడిది చరిత్ర రాసేవారు ఈ అధ్యాయాన్ని తరచు దాటవేస్తారు.

ద్రాక్ష, వైన్

న్యూయార్క్ చలికాలం ద్రాక్షకు అనుకూలమైనది కాదు. అయినను ఇక్కడ ద్రాక్ష బతకడానికి కారణం నీటి లోతే. వేసవిలో పీల్చుకున్న వేడిని లోతైన సరస్సు చలికాలమంతా కొద్ది కొద్దిగా వదులుతుంది. సెనెకా సరస్సు గడ్డకట్టడం బహు అరుదు. వసంతంలో ఇదే నీరు చల్లగా ఉండి చిగుళ్ళు తొందరపడి రాకుండా ఆపుతుంది. చిగురు ఆలస్యమైతే చివరి మంచు నుండి తప్పించుకొనే అవకాశం ఎక్కువ. చల్లగాలి బరువైనది కనుక వాలు వెంట కిందికి జారిపోతుంది. అందుచేత తోటలన్నీ ఒడ్డుకు పైనున్న వాలు మీదనే ఉంటాయి. ఈ రక్షణకు కూడా హద్దు ఉన్నది. 2023 మే నెలలో పడిన మంచుకు అనేక తోటలలో చిగుళ్ళు మాడిపోయినవి.

క్యూకా సరస్సు దక్షిణపు కొసన ఉన్న హామండ్స్‌పోర్ట్‌లో 1829లో విలియం బాస్ట్‌విక్ అనే చర్చి గురువు ద్రాక్షతీగలు నాటాడు. 1860లో అదే ఊరి సమీపాన ప్లెజంట్ వ్యాలీ వైన్ కంపెనీ మొదలయింది. 1920 నుండి 1933 వరకు అమలైన మద్యనిషేధం ఈ పరిశ్రమను దాదాపు నిలిపివేసింది. అప్పటివరకును, ఆ తరువాత చాలాకాలమును, కాన్‌కార్డ్, కటాబా వంటి అమెరికా రకాలే ఇక్కడ పండేవి. ఐరోపా రకాలు ఈ చలికి నిలవవని అందరూ నమ్మేవారు. 1951లో ఉక్రెయిన్ ప్రాంతం నుండి వలస వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ దానికి ఒప్పుకోలేదు. చలికి ఓర్చే వేరుమొక్కకు అంటుకడితే ఐరోపా ద్రాక్ష కూడా బతుకుతుందని వాదించి, చార్లెస్ ఫూర్నియే సహాయంతో ప్రయోగాలు చేసి, 1962లో సొంత వైనరీ స్థాపించాడు. నేడు ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన రీస్లింగ్ రకం ఆ ప్రయోగాల ఫలితమే.

1976లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన ఫార్మ్ వైనరీ చట్టం రైతులు తమ తోటలోనే వైన్ తయారుచేసి నేరుగా అమ్ముకోవడాన్ని సులభం చేసింది. అంతకుముందు పెద్ద కంపెనీలు చెప్పిన ధరకు పండు అమ్ముకోవడమే చాలామంది రైతులకు గతి. ఇప్పుడు ఈ ప్రాంతంలో నూరుకు పైగా వైనరీలు ఉన్నవి. కుటీరానికి వచ్చిన కుటుంబం తోట యజమానితోనే మాట్లాడి, రుచి చూసి, సీసా కొనుక్కొని రాగలగడం ఈ చట్టం చలవే.

కుటీరాల పుట్టుక

పందొమ్మిదవ శతాబ్దపు ద్వితీయార్ధంలో సరస్సులలో ఆవిరి పడవలు తిరిగేవి. క్యూకా సరస్సులో అవి శరదృతువులో ద్రాక్షబుట్టలను, వేసవిలో విహారయాత్రికులను మోసేవి. పడవ ఆగే రేవుల వద్ద మొదట గుడారాలు, తరువాత చెక్క ఇళ్ళు వెలిసినవి. రోచెస్టర్, సిరాక్యూస్ వంటి నగరాల నుండి వచ్చిన సాధారణ కుటుంబాలు కూడా వీటిని కట్టుకున్నవి. కారు వచ్చిన తరువాత వీటి సంఖ్య బాగా పెరిగింది.

పాత పద్ధతి కుటీరం ఇటుక పునాదులు లేకుండా, కాళ్ళవంటి స్తంభాలపై నిలబడి ఉంటుంది. ఒకే వరుస పలకల గోడలు, రెండు మూడు చిన్న పడకగదులు, కట్టెల పొయ్యి, నీటి వైపు దోమతెర బిగించిన వసారా ఉంటాయి. గోడల మధ్య చలిని ఆపే పొర ఉండదు. సామాను కూడా ఇంట్లో పాతబడినదే తెచ్చి వేస్తారు. ఎవరో వదిలివెళ్ళిన పుస్తకాలు, సగం ముక్కలు పోయిన ఆటపెట్టెలు ప్రతి కుటీరంలోను కనిపిస్తాయి. ఒడ్డు నుండి నీటిలోకి డాక్ అనే చెక్క రేవు ఉంటుంది. కుటుంబం రోజులో ఎక్కువ భాగం గడిపేది దాని మీదనే.

యజమానులు అద్దెకు ఎందుకు ఇస్తారు

అమెరికాలో ఇంటి పన్ను స్థలపు మార్కెట్ విలువను బట్టి ఉంటుంది. సరస్సు ఒడ్డు భూమి విలువ పెరిగేకొద్దీ, తాత తక్కువ ఖర్చుతో కట్టిన గుడిసెవంటి ఇంటికి కూడా మనుమలు భారీ పన్ను కట్టవలసి వస్తుంది. ఆ మనుమలు నలుగురైదుగురు ఉండి, వేర్వేరు రాష్ట్రాలలో స్థిరపడి, వారిలో కొందరు తమ వాటా అమ్ముతామంటే చిక్కు మరింత పెరుగుతుంది. వేసవిలో కొన్ని వారాల అద్దె వస్తే పన్ను, మరమ్మతులు గడుస్తాయి. రాకపోతే ఇల్లు అమ్ముడుపోతుంది. కొన్నవారు తరచు దానిని కూల్చి, ఏడాది పొడుగునా ఉండదగిన పెద్ద ఇల్లు కడతారు. పాత కుటీరాలు తగ్గిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

కొన్ని కుటీరాలు ఏడాదిలో రెండు వారాలు మాత్రమే అద్దెకు దొరకడం వెనుక ఒక పన్ను నిబంధన కూడా కలదు. యజమాని స్వయంగా వాడుకొనే ఇంటిని ఏడాదిలో 15 రోజుల కంటె తక్కువ కాలం అద్దెకు ఇస్తే ఆ అద్దెపై కేంద్ర ఆదాయపు పన్ను పడదు.

అద్దె పద్ధతి

జూలై, ఆగస్టు నెలలలో కుటీరాలు సాధారణంగా వారం లెక్కన, శనివారం నుండి శనివారం వరకు ఇవ్వబడతాయి. మంచి కుటీరాలకు నిరుడు వచ్చిన కుటుంబాన్నే ముందుగా అడిగే ఆనవాయితీ ఉన్నది. ఒకే కుటుంబం ఒకే వారానికి ఏళ్ళ తరబడి రావడం ఇక్కడ మామూలు విషయం. మే, జూన్, సెప్టెంబరు నెలలలో అద్దె తక్కువ, రెండు మూడు రాత్రులకు కూడా దొరుకుతాయి. ద్రాక్ష కోత చూడదలచినవారు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రావలెను. కాని ఆ రోజులలో పక్షులను తోలడానికి తోటలలో పెట్టే గ్యాసు తుపాకుల చప్పుడు తెల్లవారకముందే మొదలుకావచ్చు.

ఒప్పందానికి ముందు యజమానిని అడిగి తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నవి. ఒడ్డు ఏటవాలుగా ఉన్నచోట కుటీరానికి పదుల కొద్దీ మెట్లు దిగవలసి ఉంటుంది. ముసలివారు, పసిపిల్లలు ఉన్న కుటుంబాలకు ఇది మొదటి ప్రశ్న కావాలి. ఇల్లు వెచ్చబరచే ఏర్పాటు ఉన్నదా, డాక్ ఏ తేదీ వరకు నీటిలో ఉంటుంది, పడవ, ప్రాణరక్షక కోట్లు ఇస్తారా అని కూడా అడగాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు చాలాచోట్ల అద్దెకు వచ్చినవారే తెచ్చుకోవాలి. వెళ్ళేముందు ఇల్లు ఊడ్చి, చెత్త తీసుకుపోవడం కూడా వారి పనే. ఇటీవలి కాలంలో పలు ఊళ్ళు స్వల్పకాలపు అద్దెలకు అనుమతిపత్రం తప్పనిసరి చేసినవి. అది ఉన్నదో లేదో చూసుకొనడం మంచిది.

నీరు, మురుగు

ఒప్పందంలో ఎంతమంది ఉండవచ్చో రాసి ఉంటుంది. పరుపుల సంఖ్యను బట్టి ఆ అంక వేశారని చాలామంది భావిస్తారు. కాని అసలు కారణం తరచు సెప్టిక్ ట్యాంకు. అనేక కుటీరాలకు ఊరి మురుగు కాలువ లేదు. వాడిన నీరు భూమిలోని ట్యాంకులోకి పోయి, బురద అడుగున నిలిచి, పైనీరు గొట్టాల ద్వారా నేలలోకి ఇంకుతుంది. ఆ నేల నీటిని వడగట్టడానికి సమయం కావాలి. ఆరుగురికి ఏర్పరచిన చోట పన్నెండుమంది వారం రోజులు స్నానాలు చేస్తే, నేల ఆ నీటిని పూర్తిగా వడగట్టలేదు. ఒడ్డు పది ఇరవై అడుగుల దూరంలోనే ఉన్న పాత ఇళ్ళలో ఆ మురుగు చేరేది సరస్సుకే. మురుగులోని భాస్వరం, పొలాల నుండి వాననీటితో వచ్చే ఎరువు కలిసి నీలి ఆకుపచ్చ నాచుకు మేత అవుతాయి.

ఈ నాచు కొన్నిసార్లు కాలేయానికి హానిచేసే విషాన్ని విడుదల చేస్తుంది. 2016లో ఒవాస్కో సరస్సు నీటిని తాగే ఆబర్న్ పట్టణంలో శుద్ధిచేసిన నీటిలో కూడా ఈ విషపు జాడ కనబడింది. 2017 సెప్టెంబరులో, స్వచ్ఛతకు పేరుపొంది, సిరాక్యూస్ నగరానికి తాగునీరిచ్చే స్కానియాట్లిస్ సరస్సులో కూడా నాచు తేలింది. సరస్సు నీటిని గొట్టంతో తోడుకొనే కుటీరాలలో అతినీలలోహిత దీపంతో సూక్ష్మజీవులను చంపే పరికరం ఉండవచ్చు, కాని నాచు విషాన్ని తొలగించడానికి దానిని నమ్మరాదు. నీటిని మరగబెట్టినా ఆ విషం పోదు. కనుక తాగడానికి, వంటకు సీసా నీరు తెచ్చుకొనుటయే ఉత్తమం. నీటిపై పచ్చరంగు ఒలికినట్లు తెట్టు కనిపించిన రోజున పిల్లలను, కుక్కలను నీటిలోకి దింపరాదు.

ఈ సమస్యకు రెండు రకాల సమాధానాలు ఇక్కడే కనిపిస్తాయి. హెమ్లాక్ సరస్సు నుండి 1876 నుండి తాగునీరు తీసుకుంటున్న రోచెస్టర్ నగరం, నీటిని కాపాడుకొనుటకు హెమ్లాక్, కెనడిస్ సరస్సుల చుట్టూ భూమిని క్రమంగా కొని, అక్కడి కుటీరాలను తొలగించింది. 2010లో రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని కొని అడవిగా పరిరక్షిస్తున్నది. నేడు ఆ రెండు సరస్సుల ఒడ్డున చెట్లు తప్ప ఇళ్ళు కానరావు. క్యూకా సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళు మరొక దారి పట్టినవి. అవి ఒక సహకార సంస్థగా ఏర్పడి, ఒడ్డున ఉన్న ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులను ఒకే నియమావళి ప్రకారం తనిఖీ చేయిస్తున్నవి. కుటీరాలు ఉంటూనే నీరు బాగుండాలంటే ఈ రెండవ దారి ఉపయోగపడుతుంది. అది నడవాలంటే యజమానులతో పాటు అద్దెకు వచ్చినవారు కూడా నియమాలు పాటించాలి.

వైనరీల సందర్శన

కయూగా, సెనెకా, క్యూకా సరస్సుల చుట్టూ వైనరీలను కలిపే వైన్ ట్రయిల్ అనే దారులు ఉన్నవి. రుచి చూడటానికి కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. న్యూయార్క్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. రోడ్లు సన్ననివి, మలుపులతో కూడినవి. పెన్ యాన్ పరిసరాలలో మెన్నొనైట్ మతస్థుల గుర్రపు బళ్ళు కూడా అదే రోడ్డు మీద నడుస్తాయి. కావున కారు నడిపేవారు మద్యం ముట్టకుండా ఉండాలి. వైన్ తాగనివారికి, పిల్లలకు కొన్ని చోట్ల ద్రాక్షరసం దొరుకుతుంది. కెనన్డైగ్వా సరస్సు దక్షిణాన ఉన్న నేపుల్స్ గ్రామం కాన్‌కార్డ్ ద్రాక్షతో చేసే పై అనే తీపి వంటకానికి ప్రసిద్ధి.

తెలుగువారు

కయూగా సరస్సు దక్షిణపు కొసన ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ, రోచెస్టర్, సిరాక్యూస్ నగరాలలో చదివే తెలుగు విద్యార్థులకు, ఉద్యోగం చేసుకొనే కుటుంబాలకు ఈ సరస్సులు దగ్గరి విహారస్థలాలు. కుటీరంలో వంటగది ఉండటం భోజన నియమాలున్నవారికి సౌకర్యం. అయితే బూరెలు, పూరీలు వేయించిన నూనెను సింకులో పోస్తే సెప్టిక్ ట్యాంకు మూసుకుపోతుంది. దానిని డబ్బాలో పోసి చెత్తతో పాటు తీసుకుపోవాలి. పాత ఇళ్ళ విద్యుత్ తీగలు తక్కువ భారానికి వేసినవి కావున అన్నం కుక్కరు, గ్రైండరు, హీటరు ఒకేసారి పెట్టకుండా ఉండుట మంచిది.

మూసివేత

అక్టోబరులో చలి ముదరకముందే యజమానులు కుటీరాలను మూసివేస్తారు. గొట్టాలలో నీరు నిలిచి గడ్డకడితే అవి పగిలిపోతాయి. అందుచేత పంపు ఆపి, గొట్టాలన్నీ ఖాళీ చేసి, డాక్ విడదీసి ఒడ్డుకు చేరుస్తారు. అదే సమయంలో పైవాలు మీద చివరి రీస్లింగ్ గుత్తులు కోస్తారు. తరువాత తీగల మొదళ్ళ వద్ద అంటు కట్టిన చోటు చలికి చావకుండా మట్టి ఎగదోస్తారు. కుటీరాలు తిరిగి తెరిచేది మే నెలలోనే.