అనప వేరు, ఆనప వేరు: మా ఇంటి దడి చెప్పిన పాఠం

మాది హోసూరు పక్కన పల్లె. మా ఇంట్లో అనపకాయ అంటే గింజ ఒలుచుకుని వండుకునే చిక్కుడు జాతి కాయ. చుట్టుపక్కల కన్నడమోళ్ళు దీన్ని అవరెకాయ అంటారు. తమిళమోళ్ళు గింజని మొచ్చ అంటారు. తెలంగాణ పక్క ఎండు గింజల్ని అనుములు అంటారు. పేర్లు ఎన్నున్నా చెట్టు ఒకటే. కాయంతా తరిగి కూర చేసుకునే పందిరి చిక్కుడు కూడా ఈ జాతిదే. రకం మాత్రం వేరు.

మా అవ్వ పోయి రెండేళ్ళయింది. పోయేముందు ఒక డబ్బాలో బూడిద కలిపి అనప ఇత్తనాలు దాచిపెట్టింది. ఏటా దడి మీద పాకించేది ఆ ఇత్తనాల చెట్లనే. ఆమె ఉన్నన్నాళ్ళూ తినడమే గాని, ఎప్పుడు వేస్తుందో, ఎలా చేస్తుందో నేను ఎన్నడూ అడగలేదు.

మొదటి ఏడు సంక్రాంతి అయినాక నాటాను. సంక్రాంతి దినాల్లో అంగడి నిండా అనపకాయలే కదా, అదే దాని కాలం అనుకున్నాను. తీగ బాగానే లేచింది. ఆకులు అరచెయ్యంత అయినాయి. పూత మాత్రం లేదు. ఎండాకాలం వచ్చేసరికి కొనలకి నల్లగా పేనుబంక పట్టి, చెట్లు అట్లే మాడిపోయినాయి. డబ్బాలో సగం ఇత్తనాలు అలా పోయాయి.

మిగిలినవి ముట్టుకోను భయమై, ఫోనులో ఉన్న మన తెలుగువాళ్ళ గుంపులో అడిగాను: "ఎవరి దగ్గరన్నా అనప విత్తనాలు ఉంటే పంపండి." బరంపురం నుంచి ఒక పిన్నిగారు ఎంతో అభిమానంగా కవరు పంపారు. విప్పి చూస్తే సొరకాయ గింజలు! వాళ్ళ పక్క ఆనపకాయ అంటే సొరకాయ. 'ఆ' దీర్ఘం ఒక్కటే తేడా, నేను టైపు చేసినదాన్ని ఆమె తన అలవాటుగా చదువుకున్నారు. ఇద్దరం ఫోనులో చాలాసేపు నవ్వుకున్నాం. ఆ సొర తీగ కాసింది కూడా. కానీ నా అనప సంగతి తేలలేదు.

ఆఖరికి మా చిన్నవ్వ దగ్గరికి పోయాను. ఆమె అవ్వకి చెల్లెలు. నేను చేసింది విని తల కొట్టుకుంది.

"సంకురాత్రికి తినేదాన్ని సంకురాత్రికి నాటితే యట్లా కాస్తాదప్పా? ఆడి నెలలో ఎయ్యల్ల. పొద్దు కురచైతేనే దానికి పూత."

ఈ 'పొద్దు కురచ' అనే మాట దగ్గరే అసలు సంగతంతా ఉంది. పాత అనప రకాలు పగటి పొద్దు తగ్గితేనే పూతకి వస్తాయి. పొద్దు పెరిగే దినాల్లో ఎంత ఎరువేసినా, ఎన్ని నీళ్ళు పోసినా తీగా ఆకూ పెంచుకుంటాయే గాని పూయవు. వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్ళు చెప్పేదీ ఇదే. మా చిన్నవ్వ బడికి పోలేదు, కానీ ఆ లెక్క రెండు మాటల్లో చెప్పేసింది. పొద్దుతో పనిలేకుండా కాసే పొట్టి రకాలు ఇప్పుడు ఉన్నాయి. బెంగళూరు హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ హెబ్బాళ అవరె, హెసరఘట్ట వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. కుండీలో పెంచేవాళ్ళకి అవి సులువు. దడి మీద పాకే పాత అనప కావాలంటే మాత్రం ఏళ తప్పకూడదు.

డబ్బాలో మిగిలినవి లెక్కపెడితే 11 ఇత్తనాలు. చిన్నవ్వ చెప్పినట్టు ఏం చేశానో వరసగా చెప్తాను.

పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూలైలో నాటాలి. ముందు రాత్రి ఇత్తనాలు నీళ్ళలో వేసి తెల్లారి తీసెయ్యాలి. అంతకన్నా ఎక్కువ నానితే కుళ్ళుతాయి. దడి పొడుగునా మూడు అడుగులకి ఒక గుంత. గుంతకి రెండు ఇత్తనాలు, అంగుళం లోతున. మట్టి తడిగా ఉండాలి గాని నీళ్ళు నిలవకూడదు. నావి ఏడు మొలిచాయి.

ఎరువు దగ్గర చెయ్యి కట్టేసుకోవాలి. గుంతలో ముందే రెండు దోసిళ్ళు మాగిన పెంట ఎరువు వేస్తే చాలు. అనప వేళ్ళకి బుడిపెలుంటాయి, వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకి అందిస్తాయి. మా పక్క రాగి చేలో నడుమ నడుమ అనప సాళ్ళు వేసేది ఊరకే కాదు. పైనుంచి యూరియా పోస్తే మళ్ళీ ఆకే.

తీగ మనిషెత్తు అయినాక కొన గిల్లాలి. అప్పుడు పక్క కొమ్మలు వస్తాయి. పూత అంతా కొమ్మల మీదే ఎక్కువ. పూత దినాల్లో నేల మరీ ఎండినా, మరీ బురదైనా పూలు రాలతాయి. వేలితో మట్టి పొడిచి చూసి, పొడిగా ఉంటే మొదట్లో పోస్తే సరి.

పేనుబంక తప్పదు. చీమలు కొనలకి ఎగబాకుతుంటే బంక వచ్చిందని గుర్తు. మొదట్లో ఉన్నప్పుడే నీళ్ళు గట్టిగా కొట్టి కడగాలి, బాగా పట్టిన కొనలు తుంచి దూరంగా పారెయ్యాలి. ఆపైన లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లాను. అవ్వ కాలంలో పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లేవాళ్ళు.

కార్తీకంలో మొదటి పూత చూశాను. మార్గశిరం నుంచి కాయలు. మంచు పడే దినాల్లో కాయ మీద జిడ్డుగా ఒక వాసన ఉంటుంది. దాన్ని కన్నడమోళ్ళు సొగడు అంటారు, మా ఇంట్లోనూ అదే మాట. వేళ్ళకి అంటిన ఆ వాసన చూడగానే అవ్వ పక్కనే కూర్చుని కాయలు ఒలిచిన దినాలు మతికి వచ్చినాయి.

గింజలు నీళ్ళలో నానబెట్టి, వేళ్ళ మధ్య నొక్కితే తోలు ఊడి పప్పు బయటికి దూకుతుంది. అది పితికిపప్పు. పాలు పితికినట్టే పితకడం. కన్నడంలో ఇదే హిదుకిద బేళె. మన 'పాలు' వాళ్ళకి 'హాలు', మన 'పులి' వాళ్ళకి 'హులి' అయినట్టే 'పితుకు' 'హిదుకు' అయింది. తమిళంలో 'పిదుక్కు' అంటారు. మూడు భాషలవాళ్ళం ఒకే చెట్టు కాయని ఒకే మాటతో పితుక్కుని తింటా ఉండాం.

ఒక జాగ్రత్త. ఎండిన అనప గింజలు పచ్చివి తినకూడదు, వాటిలో కొంచెం విషగుణం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు వంపేసి, బాగా ఉడికించే తినాలి.

ఈసారి తినేదానికన్నా ముందే, బాగా కాసిన రెండు తీగలు ఇత్తనానికని వదిలేశాను. కాయలు చెట్టు మీదే ఎండి గలగలమన్నాక కోసి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపాను. ఒక దోసెడు చిన్నవ్వకి, ఒక దోసెడు పక్కింటికి ఇచ్చాను. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉంటుంది. బరంపురం పిన్నిగారికి కూడా కొన్ని పంపాను, కవరు మీద 'ఇది సొర కాదు' అని రాసి.

మా పాప చదివేది తమిళ బడిలో. డబ్బా మీద పేరు రాయమంటే తమిళ అక్షరాల్లో 'అనప' అని రాసింది. కింద నేను 'ఆడి నెలలో వెయ్యాలి' అని తెలుగులో రాశాను.

మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు? ఏ నెలలో నాటుతారు? ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే అడగండి. నాలాగ డబ్బా సగం ఖాళీ అయ్యేదాకా ఆగొద్దు.